ఆటకీ, ముస్తాబుకీ ఒకే స్నీకర్స్: ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు

“జిమ్‌కి వేసుకునేలా ఉండాలి, మంచి ప్యాంటూ షర్టూ మీదకీ బాగుండాలి, అలాంటి ఒకే జత ఏదో చెప్పండి” అని ఎవరైనా అడిగితే నేను ముందు బ్రాండ్ పేరు చెప్పను. ఒక్క ప్రశ్న అడుగుతాను: మీరు పరిగెత్తుతారా?

బస్సు అందుకోవడానికి తీసే పరుగు గురించి కాదు అడిగేది. వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకి నాలుగైదు కిలోమీటర్లు పరిగెత్తే అలవాటు ఉందా అని. ఉంటే ఒకే జత అన్న ఆలోచన అక్కడే వదిలేయండి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఈ ఒక్క చోట కుదరదు. లేదంటే మాత్రం దారి ఉంది. మంచి దారే.

ఎందుకు కుదరదో చెబుతాను. పరుగులో ప్రతి అడుగుకీ కాలి మీద పడే భారం మన ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఉంటుంది. రెండు కాళ్లూ కలిపి కిలోమీటరుకి దాదాపు వెయ్యి అడుగులు వేస్తాం. ఆ దెబ్బని మింగడానికే రన్నింగ్ షూకి మడమ కింద మూడు సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఫోమ్ పెడతారు. చాలా మోడళ్లలో మడమ వైపు ముందు వైపు కన్నా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. పైభాగం గాలి ఆడటానికి మెష్‌తో కుడతారు, ముందుకి దొర్లడానికి వీలుగా మునివేళ్ల దగ్గర సోల్‌ని పైకి లేపుతారు. పరిగెత్తేవాడికి ఇవన్నీ వరాలు. ఇప్పుడు ఇవన్నీ ఇస్త్రీ ప్యాంటు అంచు కింద ఊహించుకోండి. బూరెలాంటి సోల్, వలలాంటి పైభాగం, లేచిన ముక్కు. నల్ల రంగు కొన్నా, తెల్ల రంగు కొన్నా ఆ ఆకారం దాగదు.

అంటే షూని అందంగా చూపించేదీ, పరుగుకి పనికొచ్చేలా చేసేదీ రెండూ అడుగునే ఉన్నాయి. పలచని, చదునైన సోల్ ఉంటే చూడటానికి బాగుంటుంది. మందం సోల్ ఉంటే పరుగుకి బాగుంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇప్పటి సోకు షూ, ఒకప్పటి ఆట షూ

మనం ఇవాళ స్టైల్ కోసం వేసుకునే స్నీకర్స్‌లో చాలా వరకు ఒకప్పుడు నిజంగా ఆటగాళ్లు వేసుకున్నవే. కాన్వర్స్ ఆల్ స్టార్ 1917లో బాస్కెట్‌బాల్ కోసం వచ్చింది. అడిడాస్ సాంబా 1950 ప్రాంతంలో గడ్డకట్టిన గట్టి నేల మీద ఫుట్‌బాల్ ఆడేవాళ్ల కోసం తయారైంది. ఇప్పుడు స్టాన్ స్మిత్ అంటున్న తెల్ల తోలు షూ 1960ల్లో ఒక ఫ్రెంచ్ టెన్నిస్ ఆటగాడి పేరుతో మొదలై, తర్వాత అమెరికన్ ఆటగాడు స్టాన్ స్మిత్ పేరు తెచ్చుకుంది. ముక్కు మీద గవ్వలాంటి రబ్బరు ఉండే అడిడాస్ సూపర్‌స్టార్ 1969 నాటిది, నైకీ ఎయిర్ ఫోర్స్ 1 అయితే 1982 నాటిది. రెండూ బాస్కెట్‌బాల్ షూసే.

మరి ఇవి కోర్టు వదిలి వీధిలోకి ఎందుకొచ్చాయి? ఆట ఫోమ్ వైపు, తేలిక బట్ట వైపు, ప్లాస్టిక్ చట్రాల వైపు వెళ్లిపోయింది. ఇవి ఎక్కడివి అక్కడే ఆగిపోయాయి. చదును సోల్, తోలు పైభాగం, ఒకటి రెండు రంగులు. ఆటలో వెనకబడిపోవడానికి కారణమైన పొందికే వీటిని ప్యాంటు కింద అందంగా నిలబెట్టింది. కాబట్టి రెండు పనులకీ ఒకే జత వెతికేవాళ్లు మొదట ఈ పాత కోర్టు షూలనే చూడాలని నా అభిప్రాయం. అవి సోకు కోసం ఆట వేషం కట్టినవి కావు. వయసు మీద పడ్డ అసలు ఆటగాళ్లు. కొన్ని ఆటలకి ఇప్పటికీ పనికొస్తాయి.

ఏ ఆటలకి? జిమ్‌లో బరువులు ఎత్తడానికి భేషుగ్గా పనికొస్తాయి, ఒక్కోసారి ఖరీదైన రన్నింగ్ షూ కన్నా బాగా. బరువు భుజాన పెట్టుకుని గుంజీలు తీసేటప్పుడు కాలి కింద మెత్తటి ఫోమ్ ఉంటే పరుపు మీద నిలబడ్డట్టు ఊగుతుంది. చదునైన గట్టి సోల్ నేలని పట్టుకుంటుంది. బరువులెత్తేవాళ్లలో చాలామంది ఇప్పటికీ కాన్వర్స్ వేసుకునేది అందుకే. గంటలోపు నడకకీ, సరదాకి ఆడే టేబుల్ టెన్నిస్‌కీ, సైకిల్‌కీ ఇబ్బంది లేదు. తాడాట, గంటసేపు గెంతులుండే ఏరోబిక్స్, పోటీగా ఆడే బాస్కెట్‌బాల్ మాత్రం వద్దు. కాన్వర్స్ బాస్కెట్‌బాల్ షూయే కదా అని వాదించకండి. అప్పటి ఆటగాళ్లకి అంతకన్నా మంచిది దొరకలేదు, అంతే.

నా చీలమండ చెప్పిన పాఠం

తిరకాసు ఇంకోవైపు కూడా ఉంది. ఖరీదైన రన్నింగ్ షూ ఉంటే అన్ని ఆటలకీ సరిపోతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక సాయంత్రం బ్యాడ్మింటన్ కోర్టులో కుడి మూలకి వెళ్లే షటిల్ కోసం పక్కకి అడుగేశాను. కాలు ఆగింది, ఒళ్లు ఆగలేదు. షూ బయటి అంచు మెత్తగా అణిగిపోయి, చీలమండ బయటికి మడతపడింది. చిటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది. మూడు వారాలు కుంటుతూ నడిచాను.

తప్పు షూది కాదు. రన్నింగ్ షూ ముందుకి వెళ్లడానికి పుట్టింది. ఎత్తైన మెత్తటి సోల్ మీద పక్కకి బరువు వేస్తే అది తూలుతుంది. బ్యాడ్మింటన్, టెన్నిస్, స్క్వాష్ లాంటి వాటిలో సగం కదలికలు పక్కకే. ఆ ఆటల షూలు నేలకి దగ్గరగా ఉంటాయి, పక్కల గట్టిగా పట్టుంటుంది, సోల్ అంచు కొంచెం బయటికి పరుచుకుని ఉంటుంది. ఇండోర్ కోర్టుకైతే నేల మీద మచ్చ పెట్టని సోల్ కావాలి, తేనె రంగు గమ్ రబ్బరు లాంటిది. నల్ల గీతలు పడితే కోర్టు వాళ్లు ఊరుకోరు.

అందుకే ఆట అన్న మాట ఒక్కటే పెట్టుకుని షూ కొనకూడదు. మీ కాలు ఎటు కదులుతుందో చూసుకోండి. ముందుకా, పక్కకా, పైకా, లేక ఉన్నచోటే నిలబడుతుందా? ఉన్నచోటే నిలబడే ఆటలకి సోకు షూ బాగా కలిసొస్తుంది. పక్కకి కదిలే వాటిలో కొంత కలుస్తుంది. ముందుకి పరుగు, పైకి గెంతు అయితే దాదాపు కలవదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

తెల్ల తోలు కోర్టు షూ. స్టాన్ స్మిత్, 1985 నాటి రీబాక్ క్లబ్ సి లాంటివి. ముస్తాబు వైపు వీటికి పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను. జీన్స్, చినోస్, బ్లేజర్ అన్నిటి కిందా ఒదిగిపోతాయి. ఆట వైపు జిమ్, నడక, సరదా ఆటలు. బరువుగా ఉంటాయి, గాలి ఆడదు, చెమట పట్టే పాదాలున్నవాళ్లకి లోపల ఉక్కపోస్తుంది. సోల్ చుట్టూ గోడలా లేచి, పైభాగానికి దారంతో కుట్టి ఉండే రకమైతే ఏళ్ల తరబడి ఊడదు. జిగురుతో మాత్రమే అంటించినది ఆటలో ముందుగా నోరు తెరుస్తుంది. కొనేటప్పుడు సోల్ అంచు మీద కుట్టు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. కొన్నిటికి కుట్టులా కనిపించే గీతలు అచ్చులోనే పోస్తారు, గోటితో గీకితే తెలిసిపోతుంది.

గమ్ సోల్ పలచని షూ. సాంబా, దాని వరసలోవి. నన్నడిగితే రెండు పనుల మధ్య దూరం అన్నిటికన్నా తక్కువ ఉన్నది ఇక్కడే. సోల్ నేలని అతుక్కున్నట్టు పట్టుకుంటుంది, పాదం నేలకి దగ్గరగా ఉంటుంది, ఇండోర్ ఫుట్‌బాల్‌కి ఇప్పటికీ వాడతారు. సరదా బ్యాడ్మింటన్‌కి రన్నింగ్ షూ కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ సన్నగా ఉంటుంది. వెడల్పు పాదం ఉన్నవాళ్లకి చిటికెన వేలి దగ్గర కరుస్తుంది. కుషన్ తక్కువ కాబట్టి రోజంతా గట్టి నేల మీద నిలబడే ఉద్యోగమైతే సాయంత్రానికి మడమ పోటు పెడుతుంది. ఆ తేనె రంగు సోల్ జీన్స్ మీదకి ఎంత అందమో, నల్ల సూట్ కింద అంత ఎబ్బెట్టు.

కాన్వాస్ షూ. తేలిక, చవక, కుర్ర లుక్. బరువులకి బాగుంటుంది. మిగతా ఆటలకి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. వానలో తడిస్తే ఆరడానికి రెండు రోజులు.

పాత తరహా రన్నింగ్ షూ. నైకీ కోర్టెజ్ 1972లో వచ్చింది, న్యూ బ్యాలెన్స్ 574 అయితే 1988లో. స్వెడ్ తోలూ (నూగులా మెత్తగా ఉండేది) మెష్ కలిపి, మధ్యలో ఓ మాదిరి ఫోమ్‌తో ఉంటాయి. రన్నింగ్ షూ అన్న పేరు చూసి వీటితో పరుగు మొదలుపెట్టకండి, ఇప్పటి ఫోమ్‌ల ముందు ఇవి గట్టిగా తగులుతాయి. కానీ ఎక్కువ నడిచేవాళ్లకి, ప్రయాణాలకి, సాయంత్రం అలా బయటికెళ్లడానికి ఇంత హాయైనవి తక్కువ. బూడిద రంగు 574 లాంటిది జీన్స్ మీదకి బాగుంటుంది. ఫార్మల్ ప్యాంటు మీదకి మాత్రం నాకు నచ్చదు.

ట్రెయినింగ్ షూ. జిమ్ కోసమే చేసినవి. ఈ రకానికి పేరు తెచ్చింది 1987 నాటి నైకీ ఎయిర్ ట్రెయినర్ 1. ఒకే షూతో పరుగు, బరువులు, కోర్టు అన్నీ కానిచ్చేలా నైకీ డిజైనర్ టింకర్ హాట్‌ఫీల్డ్ గీసిన డిజైన్ అది, టెన్నిస్ కోర్టులో జాన్ మెకెన్రో వేసుకున్నాడు. ఇప్పటి ట్రెయినింగ్ షూలకి మడమ గట్టిగా, ముందు భాగం వంగేలా, పక్కల పట్టుండేలా ఉంటుంది. మీకు ఆటే ముఖ్యం, ముస్తాబు వారానికి ఒకసారి అయితే ఇదే మీ షూ. ఒకే రంగుది, లోగో చిన్నదిగా ఉన్నది తీసుకోండి. నల్ల పైభాగానికి నల్ల సోలే ఉన్నది ముదురు జీన్స్ కింద ఎవరి కంటా పడదు.

ఇక చివరిది, నాకు అస్సలు పడనిది. పైన ఆఫీసు బూటు, కింద తెల్లటి ఫోమ్ సోల్ అతికించిన సంకర జాతి. అమ్మేవాళ్లు రెండు పనులకీ ఇదే అంటారు. దానితో ఆడలేం, నడుము దాకా ముస్తాబై దాన్ని తొడుక్కుంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టిన సంగతి అందరికీ తెలిసిపోతుంది. నడవడానికి హాయిగా ఉంటుంది, కాదనను. అంతవరకే.

కంటికి ఏది నప్పుతుంది

షూని పైనుంచి చూసి కొంటాం. అద్దం ముందు వంగి, మన కాలినే చూసుకుంటాం. ఎదుటివాళ్లు మాత్రం పక్కనుంచి చూస్తారు. కాబట్టి షెల్ఫ్ మీద షూని అడ్డంగా తిప్పి పక్కనుంచి చూడండి. సోల్ మందం మొత్తం ఎత్తులో మూడో వంతు దాటిందంటే అది ఆట షూలాగే కనిపిస్తుంది. ఇది నా కంటి లెక్క, శాస్త్రం కాదు. ముక్కు కొంచెం సన్నగా, గుండ్రంగా ఉంటే ప్యాంటు కింద కుదురుగా ఉంటుంది. రంగులు రెండు దాటకూడదు. 2004లో కామన్ ప్రాజెక్ట్స్ అనే బ్రాండ్ నుంచి ‘అచిలీస్ లో’ (Achilles Low) అని ఒక షూ వచ్చింది. లోగో లేదు, గీత లేదు, మడమ పక్కన బంగారు రంగు అంకెల వరస తప్ప ఇంకేమీ లేదు. సూట్ల కింద స్నీకర్స్ వేసుకునే అలవాటు పెరగడంలో దాని పాత్ర చాలా ఉంది. తర్వాత అందరూ ఆ దారిన పడ్డారు. ఏమీ లేకపోవడమే దాని అందం.

తెలుపా, నలుపా? తెలుపు ముస్తాబుకి ముందుంటుంది, మురికికీ ముందుంటుంది. ఆటకి వాడే తెల్ల షూ నెల తిరిగేసరికి ముక్కు దగ్గర నల్ల గీతలతో ఉంటుంది. నలుపు శ్రమ తక్కువ, కానీ తెల్ల సోల్ ఉన్న నల్ల షూ తోలుదైనా సరే స్కూలు రోజుల్ని గుర్తుచేస్తుంది. మధ్యే మార్గంగా ముదురు నీలం, బూడిద, గోధుమ రంగులున్నాయి. ఆట కూడా ఆడతానంటే నేను లేత బూడిద రంగుకే ఓటేస్తాను. తెలుపులా వెలుగుతుంది, దుమ్ము కనబడదు.

నున్నటి తోలు తడిగుడ్డతో తుడిస్తే కొత్తదైపోతుంది. స్వెడ్ చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా నీళ్లకీ చెమటకీ పడదు. మెష్‌లోకి దూరిన దుమ్ము పూర్తిగా ఎప్పటికీ రాదు. ఆటకీ వాడే జత అయితే ఈ మూడింట్లో నున్నటి తోలే గెలుస్తుంది, ఉక్కపోత భరించగలిగితే.

సాక్సుల సంగతి చాలామంది మర్చిపోతారు. జిమ్‌లో వేసుకున్న మందపాటి తెల్ల సాక్సులతోనే బ్లేజర్ వేసుకుంటే ఎంత మంచి షూ అయినా ఏం చేస్తుంది? బయటికైతే షూలోనే దాగిపోయేవి గానీ, ప్యాంటు రంగువి గానీ తొడగండి. ప్యాంటు కూడా అంతే. షూ మీద నాలుగు మడతలు పడేంత పొడుగు ఉంటే స్నీకర్ చచ్చిపోతుంది. షూ నాలుకని, అంటే లేసుల కింద ఉండే పట్టీని, తాకీ తాకనట్టు ఆగితే చాలు.

తొడిగి చూసేటప్పుడు

సాయంత్రం వెళ్లండి. రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బుతుంది, ఆటలోనూ ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన షూ సాయంత్రం కరవడానికి కారణం అదే. ఆటకి వేసుకునే సాక్సులే తీసుకెళ్లండి. రెండు కాళ్లకీ తొడగండి. ఎవరికైనా ఒక పాదం రెండోదానికన్నా కాస్త పెద్దదిగా ఉండొచ్చు, పెద్ద పాదానికి కొనాలి. నిలబడి చూస్తే పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. “వాడుతుంటే సాగుతుంది సార్” అన్న మాట సగమే నిజం. తోలు వెడల్పుకి కొంచెం సాగుతుంది, పొడుగుకి సాగదు.

తర్వాత షూని చేతిలోకి తీసుకుని ముక్కునీ మడమనీ పట్టుకుని వంచండి. వేళ్లు మొదలయ్యే చోట వంగాలి. సరిగ్గా మధ్యలో పుస్తకంలా మడతపడితే అరికాలికి ఆసరా లేనట్టే. తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. పూర్తిగా మెలిక పడితే పక్కకి కదిలే ఆటలకి పనికిరాదు. మడమ వెనక గోడని రెండు వేళ్లతో నొక్కండి, గట్టిగా ఎదురు తిరగాలి. ఇదంతా రెండు నిమిషాల పని. చివరగా తొడుక్కుని, అక్కడే పక్కకి రెండు పెద్ద అడుగులు వేసి ఒక్కసారి ఆగండి. పాదం లోపల జారి చిటికెన వేలు గోడకి తగిలిందంటే, ఆ జత ఎంత అందంగా ఉన్నా తిరిగి పెట్టేయండి. చుట్టూ వాళ్లు చూస్తారన్న మొహమాటం వద్దు. నేను కోర్టులో చేసిన పని మీరు దుకాణంలో చేసి చూసుకుంటున్నారు, అంతే.

ఒక జత రెండు బతుకులు

అన్నీ చూసి కొన్నారనుకుందాం. అసలు చిక్కు ఆరు నెలలకి మొదలవుతుంది. ఆట షూని అరగదీస్తుంది, ముస్తాబుకి అరగని షూ కావాలి. చెమటకి లోపలి అట్ట వాసన పట్టేస్తుంది. ఆ అట్ట బయటికి ఊడివచ్చే మోడల్ అయితే సగం బాధ తప్పుతుంది, ఆటకి ఒకటి, బయటికి ఒకటి మార్చుకోవచ్చు. ఆడి వచ్చాక లేసులు వదులు చేసి, నాలుక ఎత్తి, లోపల పాత న్యూస్‌పేపరు ఉండచుట్టి పెట్టండి. తేమ లాగేస్తుంది. ఎండలో పెట్టొద్దు, తోలు బిగుసుకుంటుంది, తెల్ల సోల్ పసుపెక్కుతుంది. వాషింగ్ మెషీన్ ఊసే ఎత్తకండి. జిగురు వదిలేస్తుంది.

నేను ఇప్పుడు చేస్తున్న పని చెబుతాను. కాలికి కుదిరిన మోడల్ ఒకటి దొరికింది, తోలుది, లేత బూడిద రంగు, కుట్టు సోల్. ఏడాది బయటికే వాడాను. అంచుల్లో అరుగుదల కనబడ్డాక అదే సైజు, అదే మోడల్ ఇంకో జత కొని దాన్ని ముస్తాబుకి పెట్టుకుని, పాతదాన్ని జిమ్‌కి దించాను. పాదానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్త షూ కరవడం, అలవాటు పడటం అనే టెన్షన్ లేదు. తలుపు దగ్గర చీకట్లో ఏది ఏదో తెలియక ఒకరోజు కుడికాలికి కొత్తదీ ఎడమకాలికి పాతదీ వేసుకుని వెళ్లిపోయాను. అప్పటినుంచి జిమ్ జతకి నల్ల లేసులు కట్టాను.